ఆన్‌లైన్ కోర్సులో మూడో వారానికే ఆగిపోతున్న విద్యార్థులు: లోపించింది ఆత్మవిశ్వాసమేనా?

ప్రశ్న
డిగ్రీ కళాశాల అధ్యాపకురాలు, పార్వతీపురం మన్యం జిల్లా

సభ్యులందరికీ నమస్కారం. నేను ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో కంప్యూటర్ సైన్స్ బోధిస్తున్నాను. మా విద్యార్థులలో ఎక్కువమంది గిరిజన గ్రామాల నుంచి, ఎకరం రెండెకరాల రైతు కుటుంబాల నుంచి వచ్చినవారు. తమ ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటి మనిషి తామే అయినవారు వారిలో సగానికి పైగా ఉంటారు. కేంద్ర ప్రభుత్వపు ఆన్‌లైన్ చదువుల వేదిక ‘స్వయం’లోని కోర్సులలో వారిని చేర్పించి, చివరిదాకా నడిపించే బాధ్యతను రెండేళ్లుగా నేను చూస్తున్నాను. ఒక సెమిస్టర్ క్రెడిట్లలో 40 శాతం వరకు ఇలాంటి కోర్సుల ద్వారా పొందవచ్చని యూజీసీ 2021లో నిబంధన తెచ్చింది కాబట్టి, ఈ చదువు ఇక ముందు మా పిల్లలకు అదనపు అలంకారంగా కాక అసలు చదువులో భాగంగానే ఉండబోతోంది.

గత జులైలో 28 మంది ఒక ప్రోగ్రామింగ్ కోర్సులో చేరారు. మొదటి వారం అసైన్‌మెంటును 23 మంది పంపారు, మూడో వారానికి ఆ సంఖ్య తొమ్మిదికి పడిపోయింది, చివరికి పరీక్షకు ఫీజు కట్టినవారు ఐదుగురు. ఆగిపోయినవారు చదువురానివారైతే నాకు ఇంత బాధ ఉండేది కాదు. వారిలో ఒక అమ్మాయి ల్యాబ్‌లో నా కళ్ల ముందు అదే లెక్కకు ప్రోగ్రాం రాసి, తప్పును తానే కనిపెట్టి సరిదిద్దుకోగలదు. అదే ప్రశ్న ఆన్‌లైన్ అసైన్‌మెంటులో వచ్చినప్పుడు మాత్రం ముట్టుకోలేదు. కారణం అడిగితే, "అది ఐఐటీ వాళ్ల కోర్సు కదా మేడమ్, మాలాంటివాళ్ల వల్ల ఎక్కడవుతుంది" అన్నది. ఆ మాట నన్ను ఇంకా వదలలేదు.

అభివృద్ధి చెందుతున్న దేశాలలో ఆన్‌లైన్ చదువు ఫలించాలంటే విద్యార్థికి ఆత్మవిశ్వాసం ముఖ్యమని చాలాచోట్ల చదివాను. అది నిజమే కావచ్చు కానీ, ఆత్మవిశ్వాసం ఉన్నవారు కోర్సు పూర్తి చేస్తున్నారా, లేక నాలుగు వారాలు నెగ్గుకొచ్చినవారికి ఆత్మవిశ్వాసం కలుగుతోందా అన్నది నాకు తేలడం లేదు. మొదటిదే నిజమైతే మా పిల్లలకు దానిని ఎక్కడి నుంచి తెచ్చి ఇవ్వాలి? ఈ విషయాన్ని పరిశోధించినవారు గానీ, స్వయంగా ఈ దారిలో నడిచినవారు గానీ ఉంటే చెప్పవలసిందిగా కోరుతున్నాను. వచ్చే జులైకి నేను ఏదో ఒకటి మార్చాలి.


సమాధానం 1
విద్యా మనోవిజ్ఞాన పరిశోధకుడు, హైదరాబాద్

మేడమ్ గారూ, మీ ప్రశ్నలో ఉన్న చిక్కు నిజమైన చిక్కే. ముందు ఒక తేడాను స్పష్టం చేసుకుంటే మేలు. మనం మాటల్లో ఆత్మవిశ్వాసం అనేది మనిషి మొత్తానికి సంబంధించిన గుణం. చదువు విషయంలో ఎక్కువగా పరిశోధించినది అది కాదు. ఒక నిర్దిష్టమైన పనిని నేను చేయగలను అన్న నమ్మకం. కెనడాలో పుట్టి అమెరికాలో పనిచేసిన మనోవిజ్ఞాన శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో దీనిని సిద్ధాంతంగా ప్రతిపాదించాడు. మీ అమ్మాయికి ల్యాబ్‌లో ప్రోగ్రాం రాయగలనన్న నమ్మకం ఉంది, ఐఐటీ పేరున్న తెర మీద రాయగలనన్న నమ్మకం లేదు. ఒకే మనిషిలో ఈ రెండూ పక్కపక్కనే ఉండగలవు. అందువల్ల ఆమెను ఆత్మవిశ్వాసం లేని పిల్ల అనడం సరికాదని నా అభిప్రాయం.

ఈ నమ్మకం నాలుగు దారుల్లో కలుగుతుందని బండూరా చెప్పాడు. అన్నిటికంటే బలమైనది తానే ఒక పనిని చేసి నెగ్గడం. తనలాంటివారు నెగ్గడాన్ని చూడడం, తాను నమ్మే మనిషి చెప్పే మాట, ఒంట్లోని కంగారు లేదా నెమ్మది మిగతావి. తరగతి గదిలో ఈ నాలుగూ ఎవరూ ఏర్పాటు చేయకుండానే జరిగిపోతుంటాయి. పక్క బెంచీ పిల్ల చేస్తుంటే చూస్తారు, మీరు తల ఊపితే ధైర్యం వస్తుంది. రాత్రి పూట ఫోన్‌లో ఒంటరిగా వీడియో చూస్తున్నవారికి వీటిలో మిగిలేది మొదటి దారి ఒక్కటే, అది కూడా మొదటి అసైన్‌మెంటులో మార్కులు వస్తేనే.

ఏది కారణం, ఏది ఫలితం అన్న మీ సందేహానికి సూటిగా జవాబు చెప్పాలంటే, రెండూ ఒకదానినొకటి పెంచుకుంటూ పోతాయి. అయితే ఈ రంగంలోని చాలా సర్వేలను జాగ్రత్తగా చదవాలి. కోర్సు చివరి వారంలో ప్రశ్నావళి ఇస్తే దానిని నింపేవారు మిగిలినవారే. మీ 28 మందిలో ఆ ఐదుగురిని మాత్రమే అడిగినట్టు. వారిలో ఆత్మవిశ్వాసం ఎక్కువగా కనబడడంలో ఆశ్చర్యమేముంది?

మీ విద్యార్థిని అన్న మాటకు దగ్గరగా ఉన్న ఒక పరిశోధన ఉంది. రెనే కిజిల్‌చెక్, ఆయన సహచరులు 2017లో సైన్స్ పత్రికలో ప్రచురించినది అది. అమెరికన్ విశ్వవిద్యాలయాల ఆన్‌లైన్ కోర్సులలో తక్కువ అభివృద్ధి చెందిన దేశాల విద్యార్థులు ఎక్కువగా ఆగిపోవడానికి ఒక కారణం, తమలాంటివారిని అక్కడ తక్కువగా చూస్తారేమోనన్న బెరుకు అని వారు గుర్తించారు. కోర్సు మొదట్లోనే విద్యార్థి తన జీవితంలో తాను విలువిచ్చే విషయాలేమిటో, ఈ కోర్సు వాటికి ఎలా ఉపయోగపడుతుందో కొద్ది నిమిషాలు రాసేలా చేసినప్పుడు, ఆ దేశాలవారు పూర్తి చేసే శాతం చెప్పుకోదగినంత పెరిగింది.

అక్కడితో ఆపేస్తే మీకు సగం నిజమే చెప్పినవాణ్ని అవుతాను. అదే పరిశోధకుడు మరింత పెద్ద బృందంతో కలిసి, హార్వర్డ్, ఎంఐటీ, స్టాన్‌ఫర్డ్‌లకు చెందిన 247 కోర్సులలో, రెండున్నరేళ్ల పాటు, సుమారు రెండున్నర లక్షల మందిపై ఇలాంటి పద్ధతులను మళ్లీ పరీక్షించి 2020లో ఫలితాలు ప్రకటించాడు. సగటు ప్రభావం మొదట్లో కనబడిన దానిలో పదో వంతు స్థాయికి తగ్గిపోయింది. ఎప్పుడు, ఎక్కడ చదవాలో ముందే ప్రణాళిక రాయించడం మొదటి కొన్ని వారాల్లో చురుకుదనం పెంచింది గానీ చివరి ఫలితాన్ని మార్చలేదు. విలువల గురించి రాయించడం అభివృద్ధి చెందుతున్న దేశాల విద్యార్థులకు మేలు చేసింది, కానీ పూర్తి చేసే శాతంలో ముందునుంచీ దేశాల మధ్య అంతరం ఉన్న కోర్సులలో మాత్రమే. కాబట్టి రాయించండి, ఖర్చు లేని పని. దాని ఒక్కదాని మీదే ఆశ పెట్టుకోవద్దు.

ఇంకొక మాట. హార్వర్డ్, ఎంఐటీలు ఎడెక్స్ వేదికపై నడిపిన ఉచిత కోర్సులలో 2017-18లో చేరినవారందరినీ లెక్కిస్తే పూర్తి చేసినవారు దాదాపు 3 శాతం. సరదాకు చేరినవారు కూడా అందులో ఉంటారు కనుక మీ తరగతితో నేరుగా పోల్చలేం. అయినా 28 మందిలో ఐదుగురు అన్నది మీరు తలదించుకోవలసిన సంఖ్య కాదు.


సమాధానం 2
ఆన్‌లైన్ కోర్సులు పూర్తి చేసిన గృహిణి, ప్రస్తుతం ప్రైవేటు ఉద్యోగిని, మహబూబ్‌నగర్

మేడమ్ గారికి నమస్కారం. పైన సార్ చెప్పిన విషయాలు బాగున్నాయి, నాకు తెలియనివి చాలా తెలిశాయి. కానీ ఆ బెరుకు అనే మాట దగ్గర నేను కొంచెం అడ్డుపడాలి. నేను ఆగిపోయిన రోజుల్లో ఎవరైనా నన్ను అడిగి ఉంటే నేను కూడా "నా వల్ల కాదు" అనే అనేదాన్ని. నిజానికి నా దగ్గర ఫోన్ లేదు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ మా ఆయనది, అది రాత్రి తొమ్మిది దాటాక గాని నా చేతికి రాదు, వచ్చేసరికి ఆ రోజు డేటా అయిపోయి ఉంటుంది. ఆ మాట పదిమందిలో చెప్పుకోలేక "నా వల్ల కాదు" అంటాము. మీ అమ్మాయి విషయంలో కూడా దయచేసి ఒకసారి విడిగా అడిగి చూడండి.

నాకు ఇంటర్ తరువాత పెళ్లి అయింది. డిగ్రీని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో చదివాను. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలైన ఆ సంస్థ దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీ అని చేరిన తరువాతే తెలిసింది. దూరవిద్య అన్నారు గానీ, అధ్యయన కేంద్రంలో ఆదివారం తరగతులు ఉండేవి. అక్కడికి నాలాగే పిల్లలను అత్తగారి దగ్గర వదిలి వచ్చినవాళ్లు, కండక్టరు ఉద్యోగం చేస్తూ చదివేవాళ్లు కనబడేవారు. వీళ్లు చదవగలిగితే నేనెందుకు చదవలేను అనిపించింది అక్కడే. సార్ చెప్పిన రెండో దారి అదేననుకుంటాను.

తరువాత ఐఐటీల కోర్సులను స్వయంలో అందించే ఎన్‌పీటీఈఎల్‌లో ఎనిమిది వారాల కోర్సు ఒకటి తీసుకున్నాను. ఆదివారం తరగతి లేని చదువు అదే మొదటిసారి. మొదటి అసైన్‌మెంటులో పది ప్రశ్నలకూ జవాబులు గుర్తించి, సబ్మిట్ నొక్కడానికి భయపడి అలాగే వదిలేశాను, గడువు దాటిపోయింది. ఒకసారి నొక్కితే ఇక దిద్దుకోవడానికి ఉండదని, తప్పులన్నీ ఎవరో చూస్తారని అనుకున్నాను. గడువు లోపల ఎన్నిసార్లైనా మళ్లీ పంపవచ్చని, చివరిసారి పంపినదే లెక్కలోకి తీసుకుంటారని ఆ పేజీలోనే రాసి ఉంటుంది. ఇంగ్లీషులో ఉన్న ఆ రెండు వాక్యాలను నేను చదవలేదు. ఒక వారం పోయింది కాబట్టి కోర్సే పోయిందని పదిహేను రోజులు తెరవలేదు. ఎనిమిదింటిలో మంచి మార్కులు వచ్చిన ఆరు అసైన్‌మెంట్లే లెక్కిస్తారని, పన్నెండు వారాల కోర్సయితే ఎనిమిదే లెక్కిస్తారని ఒక పరిచయస్తురాలు చెప్పాకే మళ్లీ మొదలుపెట్టాను. ఆ పదిహేను రోజుల్లో నాకు కావలసినది ధైర్యవచనం కాదండీ, ఆ ఒక్క నియమం.

తరువాత మేము నలుగురు ఆడవాళ్లం వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నాం. కోర్సు చర్చా వేదికలో ఇంగ్లీషులో అడగడానికి సిగ్గు. తప్పు ఇంగ్లీషు రాస్తే నవ్వుతారని. గ్రూపులో తెలుగులో అడుగుకునేవాళ్లం, మాలో ఎవరికీ తెలియని సందేహాన్ని మాత్రం నలుగురం కలిసి ఇంగ్లీషులో రాసి వేదికలో పెట్టేవాళ్లం. జవాబు వచ్చిన రోజు మాకు పండగ.

ఇంకొకటి ఎవరూ చెప్పరు. మార్కులలో 25 అసైన్‌మెంట్లకు, 75 పరీక్షా కేంద్రంలో కంప్యూటరు మీద రాసే పరీక్షకు. నేను కోర్సంతా ఫోన్‌లోనే చదివాను. పరీక్ష రోజున మౌస్ పట్టుకుంటే చెయ్యి వణికింది, మొదటి పావుగంట పేజీని కిందికి జరపడానికే సరిపోయింది. పరీక్ష గట్టెక్కింది గానీ, ఆ పావుగంటలో సగం పాఠాలు మరిచిపోయినట్టయింది. మీ కళాశాలలో ల్యాబ్ ఉంది కాబట్టి, పరీక్షకు ముందు రెండుసార్లైనా అక్కడే కూర్చోబెట్టి రాయించండి.


సమాధానం 3
ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడు, నాగర్‌కర్నూల్ జిల్లా

నా అనుభవం చిన్న పిల్లలతో. అయినా మీ ప్రశ్నకు సంబంధం ఉందని రాస్తున్నాను.

కరోనాతో బడులు మూతపడినప్పుడు మా రాష్ట్రంలో 2020 సెప్టెంబరు 1 నుంచి మూడో తరగతి మొదలుకొని పదో తరగతి దాకా పాఠాలు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లలో వచ్చాయి. ఆ సెప్టెంబరులో దేశవ్యాప్తంగా ఫోన్ ద్వారా జరిగిన, గ్రామీణ పిల్లల చదువు స్థితిని చూసే అసర్ సర్వేలో, బడికి వెళ్లే పిల్లలున్న గ్రామీణ ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉన్నవి 2018లోని 36.5 శాతం నుంచి 61.8 శాతానికి పెరిగినట్టు తేలింది. కానీ అంతకుముందు వారంలో బడి నుంచి ఏదో ఒక పాఠ్యసామగ్రి అందిన పిల్లలు మూడింట ఒక వంతు మాత్రమే. ఫోన్ ఇంట్లోకి వచ్చినంత వేగంగా చదువు రాలేదన్నమాట.

పాఠం చూశావా అని అడిగితే మా పిల్లలు చూశాను సార్ అనేవారు. ఏం అర్థమైందంటే మౌనం. అందరికీ ఒకే పాఠం, అది తరగతి పుస్తకం ప్రకారం సాగే పాఠం. తీసివేతలు రాని ఆరో తరగతి పిల్లవాడు భిన్నాల పాఠం ముందు రోజూ అరగంట కూర్చుంటే, అతడు నేర్చుకునేది ఒక్కటే, తనకు లెక్కలు రావని. ఢిల్లీలో కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాంద్రో గనిమియన్ చేసిన అధ్యయనం 2019లో ప్రచురితమైంది. అక్కడి ఆరో తరగతి పిల్లలు గణితంలో సగటున రెండున్నర తరగతులు వెనుకబడి ఉన్నారు. కంప్యూటరు ఒక్కొక్కరికి వారి అసలు స్థాయి నుంచి ప్రశ్నలు ఇచ్చిన కేంద్రాలకు వెళ్లే అవకాశం లాటరీలో దక్కినవారు, దక్కనివారి కంటే నాలుగున్నర నెలల్లోనే గణితంలోనూ హిందీలోనూ స్పష్టంగా ముందుకు పోయారు. మొదటి గెలుపు అందేంత ఎత్తులో ఉండాలి. అది లేకుండా ధైర్యం చెబితే పిల్లవాడికి రెండు బాధలు, రాలేదన్నది ఒకటి, సార్ చెప్పినా రాలేదన్నది రెండోది.

అప్పట్లో నేను చేసిన పని, వారానికి ఒకసారి ఒక్కొక్కరికి ఫోన్ చేసి పది పదిహేను నిమిషాలు మాట్లాడడం. స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, మామూలు ఫోన్ చాలు. ఒక్క లెక్క చెప్పి చేయించేవాణ్ని. అది పనిచేస్తోందని నాకు అనిపించేది గాని నిరూపించలేకపోయేవాణ్ని. తరువాత తెలిసింది, అదే సమయంలో ఆఫ్రికాలోని బోట్స్‌వానాలో దాదాపు 4,500 కుటుంబాలతో ఈ పద్ధతినే పరీక్షించారని. ఎస్ఎంఎస్‌ల ద్వారా లెక్కలు పంపడం మాత్రమే చేస్తే చెప్పుకోదగిన ఫలితం రాలేదు. దానితో పాటు వారానికి ఒక ఫోన్ కాల్ చేసినప్పుడు పిల్లలు నిజంగా నేర్చుకున్నారు. తరువాత మన దేశంతో పాటు కెన్యా, నేపాల్, ఫిలిప్పీన్స్, ఉగాండాలలో కూడా ఫోన్ కాల్స్ ఫలితమిచ్చాయి. పాఠం అదే, లెక్క అదే. అవతల ఒక మనిషి గొంతు ఉండడమే తేడా.


సమాధానం 4
విద్యా మనోవిజ్ఞాన పరిశోధకుడు, హైదరాబాద్

మహబూబ్‌నగర్ సోదరి చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఫోన్ లేకపోవడం, నియమం తెలియకపోవడం అన్నవాటిని మనోవిజ్ఞానపు పేర్లతో కప్పిపుచ్చే ప్రమాదం మా రంగంలో ఉంది. విద్యార్థి "నా వల్ల కాదు" అన్నప్పుడు అది ఆమె తన సామర్థ్యాన్ని గురించి అంటున్నదా, పరిస్థితిని గురించి అంటున్నదా అని తేల్చకుండా ఆత్మవిశ్వాసం కొలిచే ప్రశ్నావళి చేతికిస్తే, పేదరికాన్ని వ్యక్తి లోపంగా నమోదు చేసినట్టవుతుంది. అయినా పరికరం ఇస్తే చాలునని కూడా అనుకోలేం. పెరూ ప్రభుత్వం పిల్లలకు లక్షల సంఖ్యలో లాప్‌టాప్‌లు పంచిన తరువాత, 319 గ్రామీణ పాఠశాలలలో చేసిన మదింపులో గణితంలో గానీ భాషలో గానీ మార్కులు పెరిగినట్టు ఆధారం దొరకలేదు.


ప్రశ్న అడిగినవారి స్పందన
డిగ్రీ కళాశాల అధ్యాపకురాలు, పార్వతీపురం మన్యం జిల్లా

మీ అందరికీ కృతజ్ఞతలు. నిన్న ఆ అమ్మాయిని విడిగా పిలిచి మాట్లాడాను. ఫోన్ ఉందట, తన సొంతమేనట. వారి ఊరిలో సిగ్నల్ అందాలంటే కొండ మీది నీళ్ల ట్యాంకు దగ్గరికి వెళ్లాలి, చీకటిపడితే ఆడపిల్లను ఒంటరిగా పంపరు. రెండేళ్లుగా నా తరగతిలో ఉన్న పిల్ల గురించి నాకు ఇది తెలియకపోవడం నా తప్పే. ఐఐటీ అన్న మాట కూడా అబద్ధం కాదు, రెండూ నిజమేనని తనే చెప్పింది. మొదటి వీడియో చూసినప్పుడే ఇంగ్లీషు వేగానికి బెదిరిందట, సిగ్నల్ సమస్య వచ్చాక ఎలాగూ రాదులే అని వదిలేయడం తేలికైందట.

జులైకి నేను చేయదలచినది ఇది. వారం వారం పాఠాల వీడియోలను కళాశాల కంప్యూటర్లలోకి ముందుగానే దించి పెడతాను. అసైన్‌మెంటు గడువుకు ముందు రోజు సాయంత్రం గంటన్నర ల్యాబ్ తెరిచి ఉంచుతాను, బస్సు వేళను బట్టి ఆ సమయం మార్చుకుంటాను. మార్కులు లెక్కలోకి రాని సున్నా వారం అసైన్‌మెంటు ఉన్న కోర్సునే ఎంచుకుని, దానిని అందరితో నా ముందే రెండుసార్లు పంపిస్తాను, ఒకసారి కావాలని తప్పు జవాబులతో, రెండోసారి సరిదిద్ది. సబ్మిట్ అన్న మీట మీద భయం అక్కడే పోవాలి. గడువులు, నియమాలు తెలుగులో ఒక కాగితం మీద రాసి గోడకు అంటిస్తాను. పోయినసారి పరీక్ష దాకా వెళ్లిన ఐదుగురికి తలా నలుగురు జూనియర్లను అప్పగిస్తాను.

ఒక్క సందేహం మిగిలింది. నేను పక్కనే ఉండి ఇంత చేస్తే, రేపు కళాశాల దాటాక వారు ఒంటరిగా ఒక కోర్సు చదవగలరా? చేయూత ఎప్పుడు తగ్గించాలి?


సమాధానం 5
ఆన్‌లైన్ కోర్సులు పూర్తి చేసిన గృహిణి, మహబూబ్‌నగర్

మేడమ్ గారూ, నేను రెండో కోర్సును గ్రూపు లేకుండానే చదివాను. మూడోది మా చెల్లెలికి నేనే చెప్పి చదివించాను. మొదటి కోర్సులో సగం దాటేవరకు మాత్రం గ్రూపు లేకపోతే నిలిచేదాన్ని కాదు. అందుకని మొదటి నాలుగు వారాలు ల్యాబ్‌లో మీరు ఉండండి, ఐదో వారం నుంచి సీనియర్లకు వదిలి మీరు స్టాఫ్ రూములో ఉండండి, అడిగితేనే వెళ్లండి. ఎవరు అడగడం మానేస్తారో, ఎవరు రావడమే మానేస్తారో ఆ వారంలో తెలుస్తుంది. రావడం మానేసినవారికి అదే రోజు ఫోన్ చేయాలి, మరుసటి వారం దాకా ఆగితే ఆలస్యమవుతుంది.

మీ పిల్లలకు ఇష్టమైతే, మొదటి అసైన్‌మెంటు గడువుకు ముందు మీరు ల్యాబ్ తెరిచే రోజున నేను ఫోన్‌లో వారితో మాట్లాడతాను. సబ్మిట్ నొక్కకుండా గడువు దాటించుకున్న సంగతి నా నోటితో వింటే కొందరికైనా తేలికపడుతుంది. ట్యాంకు దగ్గరికి వెళ్లవలసి వచ్చే ఆ అమ్మాయికి ఆ రోజు ఆలస్యం కాకుండా బస్సు దొరికేలా చూడండి.